మామయ్య ఆపరేషను నంబరు

ఆ రోజుల్లో నాకు చదవడం కొత్త. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కదా, సబ్బు మీది కాగితం నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా దేన్నీ వదిలేదాన్ని కాదు. (అదీ మనసులో కాదు, పైకే.) ఆ చదువు పుణ్యమా అని గుంటూరులో ఒక ఆసుపత్రిలో, బిల్లుల కౌంటరు దగ్గర ఫైళ్లు అందించే పని దొరికింది. అక్కడ ప్రతి ఆపరేషనుకీ ఒక కోడ్ ఉంటుంది. బీమా వాళ్లకి అది పంపితే చాలు, జబ్బు పేరు రాయక్కర్లేదు. అది చూసి, మనుషుల గుట్టంతా దాచే తాళం నా చేతికొచ్చిందనుకున్నాను.

అప్పుడే మా మామయ్యకి, అంటే మా ఆయన నాన్నకి, మూత్రం బిగిసింది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందనీ, లేజరుతో కోత లేకుండా చేస్తామనీ, ఆలస్యమైతే కిడ్నీలకి ముప్పనీ డాక్టరు చెప్పారు. మామయ్య ససేమిరా అన్నారు. "అక్కడ లేజరేంటే! తెలిస్తే మిరప కల్లంలో నన్ను బతకనిస్తారా?" అని అత్తయ్య మీద అరిచారు. (కోడలితో అనలేక. కోడలు తలుపు వెనకే ఉంది.) పైగా సంఘంతో ప్రార్థన చేయించుకోకుండా మా ఇంట్లో ఎవరూ ఆపరేషను బల్ల ఎక్కరు. చేయించుకోవాలంటే ఆదివారం చర్చిలో లేచి జబ్బు చెప్పాలి.

ఉపాయం నాదే. "పేరెందుకు మామయ్యా? కోడ్ చెప్పండి. దేవుడికి తెలుస్తుంది, ఊరికి తెలియదు."

ఆదివారం ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. "యూ డెబ్బై రెండు కోసం ప్రార్థించండి." పాస్టరుగారు కాసేపు అయోమయంగా చూసి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ యూ డెబ్బై రెండు మీద నీ చెయ్యి ఉంచు" అన్నారు. ఆమెన్ పూర్తికాకముందే మగవాళ్ల వైపు నుంచి మామయ్య బావమరిది కేకేశాడు.

"ఏం బావా, నీదీ ప్రోస్టేటేనా? నా బిల్లు మీదా అదే నంబరు!"

"నాదీ అదే," అన్నాడు వెనక నుంచి ఇంకో పెద్దాయన.

ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. మామయ్య మాత్రం కూర్చోలేదు. అందరి ముందూ నిలబడే, "నొప్పి పుట్టిందా?" అని అడిగారు.

"కాస్త మంట," అన్నాడు బావమరిది. "ఇప్పుడు ధార చూడు, కొత్తగా వేసిన బోరే!"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు గానీ ఎవరూ అందుకోలేదు.

మర్నాడు మామయ్య నాకంటే ముందే బయల్దేరి గుంటూరు బస్సెక్కారు, వెనకే నేనూ ఎక్కాను. ఎందుకెళ్తున్నారో కండక్టరుకి కూడా వివరంగా చెప్పారు. ముఖానికి కొంగు కప్పుకుని, ఈయనెవరో తెలియనట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆ నలభై దాటిన కొత్త చదువరిని తలుచుకుంటే, పాపం, ఇప్పటికీ నవ్వొస్తుంది.