చక్రం మీద చెయ్యి

మా పెద్దనాయన పోయాడు. నాయన ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను కర్నూలులో, కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చుని చెప్పులేసుకోబోతూ పక్కకు ఒరిగిపోయాడట. "పాపా, పెద్దనాయన లేడు. స్కూటీ మీద రావద్దు, బస్సుకు రా," అన్నాడు నాయన. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు ఇంకా రాలేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజర్‌లా పోతున్నానే, చూస్తే తిడతాడే అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలియడు. కానీ కర్నూలు నుంచి కడప పోయే రోడ్డు మీద మీరెప్పుడైనా ప్రయాణం చేసి ఉంటే, పక్కకు జరిగి, చెయ్యి బయటపెట్టి మీ బండిని ముందుకు పొమ్మన్న లారీ డ్రైవర్లలో ఆయనా ఒకడై ఉండొచ్చు. ఎర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల బండలు, పండిన కాలంలో ఉల్లిగడ్డలు, అన్నీ తోలాడు. మా నాయనకు అన్న. ఆయనకు పిల్లలు లేరు. ఆ లోటు ఆయనకు ఉండేదో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఇద్దరు నాయనలున్నారనే పెరిగాను.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. చెప్పులు విడిచి గానీ క్యాబిన్ ఎక్కడు. క్యాబిన్‌లో బూతుమాట రానివ్వడు. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. సంతోషమొచ్చినా దూసుకుంటాడు, కోపమొచ్చినా దూసుకుంటాడు, ఏదొచ్చిందో మనమే కనిపెట్టుకోవాలి. ఊరికే హారన్ కొట్టేవాళ్ళంటే ఒళ్ళుమంట. "అరిసేవానికి బండి రాదు," అనేవాడు. ఇంట్లో మేమెవరమైనా గొంతు పెంచినా అదే మాట.

లారీ ఇంటికొచ్చిన రోజు ఆయన నేరుగా లోపలికి వచ్చేవాడు కాదు. బండి చుట్టూ తిరిగి ఒక్కో చక్రం మధ్యలో అరచెయ్యి పెట్టి చూసేవాడు. పనినుంచి వచ్చిన ఎద్దును నిమిరినట్టు లారీని నిమురుతున్నాడనుకునేదాన్ని చిన్నప్పుడు. ఒకసారి అడిగితే చెప్పాడు. "చక్రం లోపలుండే బ్రేకు డ్రమ్ము కాలిందంటే డ్రైవర్ దోవంతా బ్రేకు మీద పడి వచ్చినాడని. సల్లగా ఉంటే గేరుతోను, కండ్లతోను వచ్చినాడని. బండి అబద్ధం చెప్పదు పాపా."

నాకు బండి నేర్పింది ఆయనే. ఇంటర్ అయిన ఎండాకాలం సెలవుల్లో, నాయన టమాటాలు తోలే చిన్న ట్రక్కు మీద. "ఆడపిల్లకు అది నేర్పి ఏం జేస్తావు?" అని పెద్దమ్మ అడిగింది. "నేనేం జేస్తా, పక్కన కూసుంటా," అన్నాడు. మా ఊరి వెనక కొండ వాలు ఉంది. పైకెక్కించి కిందికి దింపమనేవాడు. బండి ఆగగానే ఆయన దిగి చక్రం మీద చెయ్యి పెట్టి "కాలింది" అనేవాడు. మళ్ళీ ఎక్కడం, దిగడం, మళ్ళీ "కాలింది". ఆ సెలవులంతా ఇంకో మాట వినలేదు. లైసెన్సు వచ్చిన రోజున కూడా నన్ను మెచ్చుకోలేదు. "ఫోటో బాగుండాది," అన్నాడంతే.

తర్వాత షుగరు ఆయన కళ్ళ మీదికి వచ్చింది. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఓనరుకు తాళాలిచ్చి ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి ఊరు దాటలేదు. ఎర్రగుంట్లలో ఆయన పాత క్లీనర్ కూతురి పెళ్ళి జరిగింది. ఆ క్లీనర్ తానే వచ్చి, పత్రిక చేతికిచ్చి, కాళ్ళకు దండం పెట్టి పిలిచిపోయాడు. అయినా పోలేదు. "స్టీరింగ్ పట్టుకోని పోయిన ఊర్లకు సంచి ఒళ్ళో పెట్టుకోని యెట్ల పోదును? నేను ప్యాసింజర్ని కాదు," అన్నాడు. పెద్దమ్మ వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "ఆయన స్నేహితులందరూ ముసలోళ్ళయినారు మ్మే. ఇప్పుడు చూడకుంటే ఇంక యెప్పుడు చూస్తాడు? దిగులు పెట్టుకోని ఉండాడు," అంది. ఆ మాట నా మనసులో పడిపోయింది.

ఈ మార్చిలో సెమిస్టర్ పరీక్షలయ్యాయి. ఉగాది సెలవులు కలిసొచ్చాయి. టమాటా కాపు అయిపోయి నాయన బండి వేపచెట్టు కింద ఖాళీగా నిలబడి ఉంది. వేంపల్లెలో నా స్కూలు స్నేహితురాలుంది, రాయచోటిలో చిన్నమ్మ ఉంది. దారిలో ఎర్రగుంట్ల క్లీనర్, తిరుగుదారిలో గువ్వలచెరువు ఘాటు కింద పెద్దనాయన పాత జోడీ డ్రైవర్. "నేను తోలతా, నువ్వు రా," అన్నాను. "ప్యాసింజర్‌గా రానని చెప్పినా కదా," అన్నాడు. నేను మొండిదాన్నే, ఇంటిపేరు ఒకటే కదా. ఇద్దరం మాటలు మానేశాం. పండగ పచ్చడి కూడా ఎడమొహం పెడమొహంగానే తిన్నాం.

బయల్దేరే రోజు పొద్దున బండి దగ్గరికి పోయి చూస్తే ఆయన అక్కడున్నాడు. ఇస్త్రీ ఖాకీ చొక్కా, భుజాన తుండు. అద్దం తుడిచి, రేడియేటర్‌లో నీళ్ళు పోసి, టైర్లను కట్టెతో తట్టి చూస్తున్నాడు. చేతిలో ఒక చెక్క దిమ్మ ఉంది. బండి ఆగినప్పుడు జారకుండా టైరు కింద పెట్టే దిమ్మ, ఆయన లారీదే.

"క్లీనర్ లేకుండా బండి తియ్యకూడదు. నేను క్లీనర్‌గా వస్తా," అన్నాడు.

"పెద్దనాయనా, నువ్వు క్లీనర్ యేంది?"

"రవ్వంత గమ్మునుండు. డ్రైవర్ ఎక్కువ మాట్లాడకూడదు. బిన్నా ఎక్కు, ఎండ పడతాది."

లారీల లోకం తెలియనివాళ్ళకు ఇది తమాషాగా ఉండొచ్చు. అక్కడ డ్రైవర్ అంటే దొర. బండి రివర్సు చేయాలంటే దిగి దారి చెప్పేది క్లీనర్. దిమ్మ పెట్టేది, టీ తెచ్చేది క్లీనర్. ముందు తినేది డ్రైవర్, మంచం డ్రైవర్‌ది, క్లీనర్‌కు బండి కింద నీడ. జీవితమంతా దొరగా బతికిన మనిషి ప్యాసింజర్ కావడం ఇష్టం లేక, నా బండికి క్లీనర్ అయ్యాడు. నాకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. నంద్యాల దాటాక టీ కోసం ఆపితే, గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను తలుపు తీయబోతే, "దిగొద్దు. డ్రైవర్ దిగితే ఇంక క్లీనర్ యెందుకు?" అని కసిరాడు. హోటలు వాళ్ళంతా నావైపే చూశారు. ఆ టీ గొంతులో దిగింది గానీ రుచి గుర్తులేదు.

ఎర్రగుంట్లలో ఆకుల మీద సిమెంటు దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. క్లీనర్ ఇల్లు సందులో. ఆయనిప్పుడు క్లీనర్ కాదు, నెరిసిన మీసాలతో పంక్చర్ షాపు నడుపుతున్నాడు. పెద్దనాయన దిగి, బండి పక్కన అరచేత్తో కొడుతూ, "రానీ... రానీ... కుడికి కొట్టు... ఇంకా రానీ... ఆప్!" అని వీధి అదిరేలా అరిచాడు. ఆ గొంతు విని షాపాయన పరుగున వచ్చాడు. టైరు కింద దిమ్మ పెట్టడానికి వంగిన పెద్దనాయనను చూసి ఆయన మొహం మారిపోయింది.

"నేను బతికుండంగా మీరు దిమ్మ పెట్టేదేంది ఉస్తాద్? ఇట్లియ్యండి!"

"విడువు."

"నేను విడవను."

ఇద్దరు పెద్దవాళ్ళు ఒక చెక్కముక్క కోసం వీధిలో పెనుగులాడారు. చివరికి పెద్దనాయన అన్నాడు: "నా బండికి నువ్వు క్లీనర్‌వి. ఈ పాప బండికి నేను. యెవురి పని వాళ్ళు చేసుకోవల్ల."

షాపాయన దిమ్మ వదిలేసి నావైపు చూశాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. సంగటి, నాటుకోడి కూర పెట్టారు. మొదటి కంచం పెద్దనాయన ముందుకు వస్తే నావైపు జరిపాడు. మధ్యాహ్నం ఆయన కోసం నులకమంచం వాల్చి దుప్పటి పరిస్తే, "డ్రైవర్ పండుకోవల్ల. సాయంత్రం మళ్ళా తోలాల," అని నన్ను పడుకోబెట్టి, తాను కింద చాప మీద క్లీనర్‌తో కబుర్లు పెట్టుకున్నాడు. పెళ్ళికి రాలేదని ఆ పాత క్లీనర్ ఒక్క మాట అనలేదు. కూతురి పెళ్ళి ఫోటోలు తెచ్చి, పెద్దనాయన కంటికి దగ్గరగా పట్టుకుని, ఒక్కొక్కరు ఎవరో చెప్పాడు. నేను నిద్రపోయినట్టు నటిస్తూ విన్నాను.

వేంపల్లెలో నా స్నేహితురాలు ఆయన రివర్సు చెప్పడం వీడియో తీసుకుంది. "తీసుకుంటే తీసుకున్నావులే, నువ్వు కూడా బండి నేర్చుకో," అని ఆమెకు చెప్పి వచ్చాడు. రాయచోటిలో చిన్నమ్మ ఇంట్లో ఒక పూట ఉన్నాం. మర్నాడు పొద్దున ఘాటు.

గువ్వలచెరువులో ఆగి, స్నేహితుడి కోసం పాలకోవా కొన్నాడు. ఆ తర్వాత దిగుడు. అప్పటిదాకా వసపిట్టలా మాట్లాడిన మనిషి నోరు మూసేశాడు. ముందు లోడు లారీలు వరసగా, కాలిన బ్రేకుల వాసన. నేను చిన్న గేరులో దింపుతున్నాను. వెనక కారువాడు ఒకటే హారన్.

"తొందరపడుతున్నాడు పెద్దనాయనా."

"అరవనీ," అన్నాడు. మలుపులన్నీ తిరిగి కిందికి వచ్చేదాకా ఆయన నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే. చూపు సరిగా ఆనకపోయినా కళ్ళు రోడ్డు మీదినుంచి తిప్పలేదు.

ఘాటు దిగాక రోడ్డు పక్కనే ఆయన పాత జోడీ ఇల్లు. ఇద్దరూ ఒకే లారీ మీద వంతులేసుకుని తోలినవాళ్ళు. లుంగీ, తెల్లగడ్డం, తలమీద టోపీ. నేను మామా అని పిలవాలట. ఆయన మమ్మల్ని పలకరించలేదు. నేరుగా వచ్చి, వంగి, ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టాడు. నాకు పరీక్ష హాల్లో కూడా గుండె అట్లా కొట్టుకోలేదు. రెండో వైపు పోయి అక్కడా పెట్టాడు. అప్పుడు నిటారుగా నిలబడి అడిగాడు.

"యెవురు తోలినారప్పా? నీకు కండ్లు ల్యావు గదా?"

"మా డ్రైవర్."

"యాడ?"

"ఈడే. స్టీరింగ్ కాడ కూసోనుండాది."

మామ కిటికీలోకి తొంగిచూశాడు. వెనక్కి పోయి మళ్ళీ చక్రం మీద చెయ్యి పెట్టాడు. "సల్లగా ఉండాది గదప్పా!" అన్నాడు. పెద్దనాయన నావైపు చూడలేదు. జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దూసుకున్నాడు.

నేను ఆ తర్వాత మంచి మార్కులు తెచ్చుకున్నాను, ఉద్యోగం కూడా వస్తుందంటున్నారు. అవన్నీ సంతోషమే. కానీ ఎవరైనా నన్ను నువ్వెవరని అడిగితే, గొంతు విప్పి చెప్పుకోవాలనిపించేది ఒక్కటే. నేను మా పెద్దనాయన డ్రైవర్‌ని.

ఆ ప్రయాణం తర్వాత ఆయన మారిపోయాడు. తానే రెండుసార్లు బస్సెక్కి కడప దాటి మామ దగ్గరికి పోయాడు, సంచి ఒళ్ళో పెట్టుకునే. దిగగానే అడక్కముందే చెప్పేవాడట: "మా డ్రైవర్‌కు పరీక్షలుండాయి. అందుకే బస్సుకొచ్చినా." మామ నాకు ఫోన్ చేసి చెప్పి నవ్వేవాడు.

చివరి చూపు కోసం ఎర్రగుంట్ల క్లీనర్, మామ ఇద్దరూ వచ్చేదాకా, ఆ సాయంత్రం దాకా పెద్దనాయనను ఉంచాం. శ్మశానం ఊరికి దూరం. నాయన బండికి బంతిపూలు కట్టి సిద్ధం చేశారు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాల్సింది నాయనే, తోలలేడు. ట్రాక్టరు తోలే పిల్లగాణ్ణి పిలుద్దామన్నారెవరో. ఆడపిల్ల అక్కడికి రాకూడదని ఇంకెవరో అన్నారు. గుమ్మం దగ్గర కూలబడి ఉన్న పెద్దమ్మ తలెత్తింది. "పాపనే తోలనీ. ఇంగొకరి పక్కన ఆయన కూసోడు," అంది.

చెప్పులు విడిచి ఎక్కాను. ఎర్రగుంట్ల ఆయన దిమ్మ చంకన పెట్టుకుని, బండి పక్కన అరచేత్తో తడుతూ నడిచాడు. "రానీ... రానీ..." అంటున్నాడు. మనుషుల నడక కంటే వేగంగా పోనివ్వలేదు నేను. శ్మశానం దగ్గర ఆగాక దిమ్మ పెట్టాడు. అది పెట్టేదాకా డ్రైవర్ దిగకూడదు, అందుకని కూర్చునే ఉన్నాను.

అందరూ వెనక్కి పోయి పాడె పట్టుకోబోతుంటే, ఘాటు కింది మామ ముందుకు వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని కష్టంగా వంగి, చక్రం మీద అరచెయ్యి పెట్టాడు. అంత నిదానంగా వచ్చిన బండి చక్రం వేడెక్కదని ఆయనకు తెలియంది కాదు. అయినా చెయ్యి తీయకుండా చాలాసేపు ఉన్నాడు. తర్వాత తల తిప్పి, నాతో కాదు, వెనక పూలకింద పడుకున్న మనిషితో అన్నాడు.

"సల్లగా ఉండాదప్పా."