సైదాబాద్‌లో మెరిసిన వంజరం

తెల్లవారుజామున ఐదింటికి సైదాబాద్ నుంచి మా పద్మక్క ఫోన్ చేసింది. ముందురోజు కొన్న వంజరం చేప ముక్కలు చీకటి వంటింట్లో నీలంగా మెరుస్తున్నాయట. అప్పటికే వీడియో తీసి కాలనీ గ్రూపులో పెట్టేసింది. కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే తమ్ముణ్ణి కాబట్టి నన్ను వెంటనే రమ్మంది. ఆరున్నరకు సూర్యాపేటలో బస్సెక్కాను.

పక్క సీటాయన చౌటుప్పల్‌లో దిగాల్సినవాడు. సంగతి విని, "మందు గొట్టిండ్రు సార్, ఇంకేంది?" అని తేల్చేశాడు. చేపను చూడనైనా లేదు, ఎంత ధీమా!

తొమ్మిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో పదింటికి అక్క ఇల్లు చేరాను. సాక్ష్యమని మూడు ముక్కలు దాచి ఉంచింది. స్టోర్ రూం తలుపేసి చూశాం. నిజంగానే పళ్లెంలో నీలిపచ్చ వెలుగు. నాకైతే ముచ్చటేసింది.

"రాత్రి ఎక్కడ పెట్టినవక్కా?"

"పొద్దుగాల్ల పులుసు పెడ్దామని ఉప్పు రుద్ది వంటింటి గట్టు మీద పెట్టిన. ఫ్రిజ్‌ల దేవుని పాలు, పూలు ఉంటయి గద. చేపలెట్ల పెడ్తం?"

విషయం అక్కడే తెలిసిపోయింది. సముద్రపు చేపల ఒంటి మీద వెలుగునిచ్చే బ్యాక్టీరియా ఉండడం మామూలే. ఉప్పు తగిలి, చల్లదనం లేక రాత్రంతా పెరిగింది. ఆ వెలుగు విషం కాదు. కానీ అంతసేపు బయట ఉన్న చేపను, మెరిసినా మెరవకపోయినా, తినకూడదు. ముక్కలు పారేయించాను.

అక్కకు ఆ వంజరం అమ్మిన యాదమ్మ వీధి మూలన ఐసు నిండిన చేపల డబ్బా ముందు దిగాలుగా కూర్చుంది. సాయంత్రంలోగా ఖాళీ చేయమని కాలనీవాళ్లు చెప్పి వెళ్లారట.

"అదే చేప పక్క గల్లీ టీచరమ్మ నిన్ననే వండుకున్నది సార్, ఏం గాలే. ఈ అడ్డా పోతే నేనేడ కూసోవాలె?"

మా అక్క మీద నాకు కోపమొచ్చింది.

బావ నన్ను పక్కకు పిలిచి, "బ్యాక్టీరియా అని చెప్పి ఊకో. గట్టు సంగతెందుకు?" అన్నాడు. అక్క విన్నది. వెంటనే వెళ్లి యాదమ్మ పక్కన నిలబడి ఇంకో వీడియో తీసి గ్రూపులో పెట్టింది. "యాదమ్మ తప్పేం లేదు. నేనే రాత్రంత బయట పెట్టిన."

కాలనీ పెద్దలు సరే, ఖాళీ చేయించే సంగతి తర్వాత చూద్దామన్నారు. అయినా మూడింటిదాకా ఒక్కరే కొన్నారు. మొదటి వీడియో ఎన్ని గ్రూపులకు పాకిందో! రెండోదాన్ని ఎవరూ పంపినట్టు లేదు.

నాలుగింటికి నేను ఆటో ఎక్కేసరికి అక్క స్టూలు తెచ్చుకుని డబ్బా పక్కన కూర్చుంది. ఆగినవాళ్లందరికీ తన వంటింటి సంగతి మొదట్నుంచీ చెబుతోంది.

"నువ్వు పో రా, బస్సు పోతది. జనం మళ్లొచ్చేదాక నేను గిక్కడనే," అంది.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. పాఠం చెప్పి నేను వచ్చేశాను. యాదమ్మ బతుకు మాత్రం ఆ స్టూలు మీద కూర్చున్న మా అక్క ఓపిక మీద ఉంది. అక్కను అంత గౌరవంగా నేనెప్పుడూ తలచుకోలేదు.