బొరియలో ఫ్రిట్జ్

నేపర్‌విల్‌లో మా ఆఫీస్ ముందు పైపులు వేయడానికి నిన్న తవ్వారు. తడిమట్టి వాసన వస్తే అందరికీ తొలకరి గుర్తొస్తుందట. నాకు మాత్రం పట్టుచీర కట్టుకుని నేలకు చెవి ఆనించిన మా అమ్మ గుర్తొస్తుంది.

అప్పుడు మేం న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో పక్కన ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు. ఇంటి వెనక మొక్కజొన్న చేను, చేనుకీ మాకూ మధ్య అమ్మ వేసిన గోంగూర మడి, చిక్కుడు పందిరి, ఆ రెండింటినీ మాకంటే ముందే భోంచేసే ఒక గ్రౌండ్‌హాగ్. పందికొక్కుకు పెద్దన్నలా ఉండేది. పక్కింటి జర్మన్ ముసలాయన కర్ట్ అంకుల్ ఆ వేసవిలో అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, తన డాక్సుండ్ కుక్క ఫ్రిట్జ్‌ని రెండు వారాలు ఉంచుకుని చూడమని మా దగ్గర వదిలాడు. అమ్మ ఒప్పుకుంటే వాడు మావాడు, లేకపోతే దిక్కులేని కుక్కల షెల్టర్‌కి.

"గరాజ్‌లో ఉంటే ఉండనీ. గడప తొక్కితే మాత్రం ఊరుకోను," అంది అమ్మ.

కుక్కేమో సోఫా కింద పట్టేంత ఎత్తు, దాదాపు సోఫా అంత పొడవు. ఇలా ఎవరు, ఎందుకు చేశారా అని లైబ్రరీ పుస్తకాల్లో వెతికాను. వందల ఏళ్ల కిందట జర్మనీ వేటగాళ్లు బ్యాడ్జర్ల కోసం తయారుచేసుకున్న జాతట. బ్యాడ్జరంటే బొరియల్లో ఉంటూ, పళ్లూ గోళ్లూ తప్ప మర్యాదలు తెలియని జంతువు. ఆ బొరియలో దూరడానికి పొట్టికాళ్లు, సన్నని నడుము. మట్టిని వెనక్కి తోయడానికి తెడ్డుల్లాంటి పాదాలు. లోపల ఎక్కడున్నాడో పైనున్న వేటగాడికి తెలియడానికి ఏ పెద్దకుక్కకో ఉండాల్సిన గొంతు. నేల కింద యజమాని మాట వినపడదు కాబట్టి ఏ పనైనా తనే ఆలోచించుకుని చేస్తాడు. నేల మీదా అంతే. "కూర్చో" అంటే ఫ్రిట్జ్ మన అర్జీని పరిశీలిస్తున్నట్టు చూసి, వెళ్లిపోయేవాడు.

రెండో వారం వరలక్ష్మీ వ్రతం. శుక్రవారం ఆఫీసులుంటాయని మా లక్ష్మీదేవి ఆదివారం వచ్చేది. ఇల్లంతా కాగిన నెయ్యి, వేగే పూర్ణాలు, పులిహోర పోపు, సాంబ్రాణి వాసన. స్మోక్ అలారం కింద విసనకర్రతో నాన్నకు డ్యూటీ. సాయంత్రం ఆంటీలు తాంబూలానికి వస్తారనగా గ్రౌండ్‌హాగ్ చిక్కుడు పందిరి కిందికి వచ్చింది. ఫ్రిట్జ్ తన వంశగౌరవమంతా గుర్తుతెచ్చుకుని, దాని వెనకే బొరియలోకి దూకాడు. నడుము వెళ్లింది, తోకా వెళ్లింది, తర్వాత ఏదీ తిరిగి రాలేదు.

"అమ్మా, ఫ్రిట్జ్ స్టక్ అయ్యాడు!"

అమ్మ పట్టుచీరతోనే పరుగెత్తుకొచ్చింది. "వాడు పుట్టిందే దీనికోసమన్నావు కదే? ఎలా ఇరుక్కుంటాడు?"

"సన్నగా ఉంటేనే పడతాడమ్మా. వాడికెవరో బాగా పెడుతున్నారు."

అమ్మ నావైపు చూడలేదు. "నెయ్యన్నం. రోజూ కొంచెమే," అంది. "ఇవాళ నాలుగు పూర్ణాలు. నైవేద్యం అయ్యాకేలే."

నాన్న పార తెచ్చి, ఎక్కడ తవ్వాలో తెలియక నిలబడ్డాడు. అమ్మ మోకాళ్ల మీద కూలబడి, చెవి నేలకు ఆనించింది. లోపల చప్పుడు లేదు. నా దగ్గర జోకులు అయిపోయాయి.

"ఒరేయ్ ఫ్రిట్జూ, ఇంట్లోకి రానిస్తాను, బయటికి రారా నాయనా," అంది అమ్మ మట్టితో.

చాలాసేపటికి మా కాళ్ల కింద ఎక్కడో బొంగురుగా ఒక అరుపు.

"ఏవండీ, ఇక్కడ! మెల్లిగా, వాడికి తగులుతుంది!"

అరగంట తవ్వాక ముందు తోక, తర్వాత మా అమ్మ పెంచిన పొట్ట, చివరికి మట్టికొట్టుకున్న ముక్కు బయటపడ్డాయి. గ్రౌండ్‌హాగ్ ఎప్పుడో దొడ్డిదారిన పైకొచ్చి, చిక్కుడాకు నములుతూ మమ్మల్ని చూస్తోంది. డ్రైవ్‌వేలో ఆంటీలు కూడా చూస్తున్నారు. ఆ ఏడు వాళ్లకు తాంబూలం మట్టిచేతులతోనే అందింది.

అమ్మ ఫ్రిట్జ్‌కి సున్నిపిండితో స్నానం చేయించి, వంటింటి తలుపు తీసి, "రా," అంది. వాడు గడప ముందు కూర్చుని ఆలోచించాడు. అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. దోమలు వచ్చాయి, పురుగులు వచ్చాయి, వాడు రాలేదు. పావుగంట పోయాక, అందరూ పిలవడం మానేశాక, తనంతట తనే నడిచొచ్చి స్టవ్ ముందు పడుకున్నాడు. ఆ తర్వాత పదేళ్లు రోజూ ఇదే తంతు.

కిందటి చలికాలం ఫ్రిట్జ్ నిద్రలోనే పోయాడు. చేను ఇప్పుడు అపార్ట్‌మెంట్ల పార్కింగ్. గ్రౌండ్‌హాగ్‌కి తవ్వుకోవడానికి చోటు లేదు. మొన్న ఫోన్‌లో అమ్మను అడిగాను, ఇంకో కుక్కపిల్లను తెమ్మంటావా అని.

"వద్దే. రోజూ తలుపు పట్టుకుని ఎవరు నిలబడతారు?" అంది.

సరేనని ఫోన్ పెట్టేయబోయాను.

"ఏం, పొట్టిదేనా?" అంది.