సమ్మెలో సర్వపిండి

ఈ రోజు కోరుట్లలో తెలంగాణ కోసం సమ్మె చేస్తున్న ఉద్యోగులు రోడ్డు మీదే వంటావార్పు పెట్టి, ఇంటి దగ్గర సర్వపిండి రొట్టెలు అమ్ముకునే నన్నూ పిలిచి చేయమన్నారు. వెళ్లాను గానీ, గంజు అనే లోతు గిన్నె లోపలికి పిండి ఒత్తుతూ జనంలోకి చూస్తూనే ఉన్నాను. పోయిన నెలే లైసెన్సులు చూసే సారు మా ఇంటి ముందుకొచ్చి, కాగితం లేకుండా అమ్మితే పొయ్యి తీసేయిస్తానన్నాడు. ఈ రోజు ఆయనే విస్తరాకు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"సారూ, ఇయ్యాల కాయిదం అడుగుతలేవేంది?" అన్నాను భయంగానే.

"అడిగెటోడు గూడ సమ్మెలనే ఉన్నడు పెద్దమ్మా! జెర అంచు మాడింది ఎయ్యి."

అందరూ నవ్వారు. నాకు మా అత్త గుర్తొచ్చింది. ఈ పని మొదలుపెట్టిన రోజు ఆమె తొలి గంజు అమ్మలేదు, వాడకట్టు ఆడవాళ్లను పిలిచి పెట్టింది. ఎదురింటి ఖాజాబీ తిని, "ఉప్పు తక్కువైంది పిల్లా, రేపు సరిజేసి అమ్ముకో" అంది. అంతే, మర్నాటి నుంచి అమ్మకం మొదలైంది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అలాగే పెట్టాను. తిన్నవాళ్లు సరేనన్నాక ఇంకొకరిని అడగాలని మాకెవరికీ తోచలేదు.

"మరి తెలంగాణ అచ్చినంక అడుగుతవా సారూ?" అన్నాను.

ఆయన నమలడం ఆపాడు. "అచ్చినంక సూద్దాం తియ్యి" అన్నాడు.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. తెలంగాణ రావాలి, నా పొయ్యీ వెలగాలి. రెండూ కోరుకుంటే అత్యాశా? మీరే చెప్పండి.