మంచు మీద పగిలిన బూడిద గుమ్మడికాయ

“అమ్మా, దాని మీద కత్తి పెట్టకు. అది వంటకి తెచ్చింది కాదు, దిష్టికి తెచ్చింది.”

“దిష్టికి రెండు నిమ్మకాయలు చాలవా? టెక్కా మార్కెట్ దాకా పోయి ఇంత కాయ ఎందుకు మోసుకొచ్చావురా?”

“నిమ్మకాయలు ఫొటోలో కనపడవమ్మా.”

“దిష్టి తీసేది ఫొటోకా, పిల్లలకా?”

“నీకు తెలీదు, ఊరుకో. రేపు నేషనల్ లెవెల్ ఈవెంట్.”

“నాకు తెలిసింది ఒకటే. ఈ కాయ నేల మీద పడితే చెత్త, నా చేతిలో పడితే ఏడాదికి సరిపడా వడియాలు.”

సింగపూర్ తూర్పు వైపు టాంపినీస్‌లో మా ఫ్లాటు వంటింట్లో నాకూ నా కొడుక్కీ జరిగిన గొడవ ఇది. మధ్యలో గట్టు మీద రెండు బూడిద గుమ్మడికాయలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చివరికి చిన్నది నాకు, పెద్దది దేశానికి అని తీర్పయింది. పగలగొట్టేదైతే వీధిలో పగలగొట్టు, లోపల వద్దు అన్నాను. “కెమెరాలు లోపలే ఉంటాయమ్మా” అన్నాడు.

సింగపూర్‌లో చలికాలం ఎక్కడుందని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. మాల్‌లో ఉంది, ఆఫీసులో ఉంది, రైల్లో ఉంది. బయటికొస్తే లేదు. అయినా దేశం మొత్తానికి చలికాలపు ఆటల పోటీలు పెట్టారు. ఈసారి ఆతిథ్యం మా తూర్పు వైపు వాళ్లకి దక్కిందని మావాడు ఇంటికొచ్చి గంతులేశాడు. ఆతిథ్యం కమిటీలో వాడు జాయింట్ సెక్రటరీ.

ఆతిథ్యమంటే నాకు తెలిసినంతలో, దూరం నుంచి వచ్చినవాళ్లకి కాళ్లకి నీళ్లిచ్చి అన్నం పెట్టడం. ఇక్కడ దూరమేదీ? పడమటి కొసన రైలెక్కినవాడు ఒక కునుకు తీస్తే మా ఇంటి దగ్గరికొస్తాడు. వాళ్లని పొరుగుదేశం నుంచి వచ్చినట్టు ‘విజిటింగ్ టీమ్స్’ అన్నారు. స్వాగతం చెప్పడానికి బెడోక్ స్టేషన్ బయట వాలంటీర్లకి ఉన్ని మఫ్లర్లు చుట్టి నిలబెట్టారు. పాపం, వాళ్లు ఆ మఫ్లర్లతోనే చెమట తుడుచుకున్నారు.

కొండ లేదు గనుక స్కీయింగ్ తిరిగే బెల్టు మీద పెట్టారు. ఎంత జారినా మనిషి ఉన్నచోటే ఉంటాడు. మంచు లేదు గనుక పార్కులో గడ్డి గట్టు మీద పిల్లల్ని ఐసు దిమ్మల మీద కూర్చోబెట్టి కిందికి తోశారు. గెలిచిన పిల్లాడు అడుగుకి చేరేసరికి దిమ్మ సగం కరిగి నిక్కరంతా తడిసింది. వాళ్లమ్మ మెడల్ చూడకుండా తువ్వాలు పట్టుకుని పరిగెత్తింది.

నిజమైన ఐసు ఒక్క మాల్‌లో ఉంది. నా మనవరాలి స్కేటింగ్ పందెం అక్కడే.

ఆ పిల్ల పుట్టే పురిటికని వచ్చినదాన్ని, ఇక్కడే ఉండిపోయాను. ఎత్తుకుని పెంచాను. ఐసు మీద గుండ్రంగా తిరిగి ఏం సంపాదిస్తావే అని తిట్టిన నోరూ నాదే, తెల్లవారకుండా లేచి దానికి పాలు కాచిన చేతులూ నావే. వచ్చే ఏడు పెద్దవాళ్ల గ్రూపులోకి పోతుంది. అక్కడ ఉన్నవాళ్లు బయటి దేశాల్లో నేర్చుకుని వచ్చినవాళ్లు. కాబట్టి దేశం పోటీల్లో పరిగెత్తే అవకాశం దానికి ఈ ఒక్కసారే అని వాళ్ల కోచ్ చెప్పాడు. పొదుపు నాకు వస్తువుల్లోనే కాదు, మెచ్చుకోవడంలోనూ ఉంది. అందుకని ఆ రోజు పొద్దున దానితో “కింద పడకు” అని మాత్రం అన్నాను.

“క్యాన్ లా నానమ్మా” అంది, ఇక్కడి మాటలో సరేనని.

మాల్‌లో ప్రారంభానికి చైనావాళ్లు సింహం వేషం కట్టి ఆడారు, మలయ్ వాళ్లు డప్పులు వాయించారు. మన వైపు నుంచి మావాడి గుమ్మడికాయ. కర్పూరానికి మాల్ వాళ్లు ఒప్పుకోలేదట, కాయ నెత్తిన బ్యాటరీ దీపం పెట్టారు. కాయకి చిల్లు పెట్టి లోపల కుంకుమ నీళ్లు పోశారు. గుమ్మం దగ్గర కొట్టాలి కదా, ఐసులోకి దిగే చిన్న గేటే గుమ్మం అని తేల్చారు. మావాడు మూడుసార్లు తిప్పి, కెమెరా వైపు చూసి నవ్వి, ఎత్తి కొట్టాడు.

ఎత్తి కొట్టడం మా వంశంలో ఎవరికీ సరిగ్గా రాదు. కాయ గేటు అంచుకి తగిలి లోపలికి ఎగిరి ఐసు మధ్యకంటా జారుకుంటూ పోయి పగిలింది. తెల్లటి ఐసు నిండా ఎర్రనీళ్లు, గుజ్జు, గింజలు. అదీ ఆటలో భాగమనుకుని ముందు వరసలో గొప్పవాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక ఒక పసివాడు ఎవరినో నరికేశారని కెవ్వుమన్నాడు.

ఐసు చదును చేసే బండి నడిపే చైనా ముసలాయన వచ్చి, తల పట్టుకుని, “ఐయా! గింజలు మెషిన్‌లో పడితే ఫినిష్” అన్నాడు. అన్నీ చేత్తో ఏరాలి, తర్వాత గీకాలి, నీళ్లు పోసి గడ్డకట్టించాలి. మఫ్లర్ల పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని, మన ఆడవాళ్లు బియ్యంలో రాళ్లేరినట్టు ఏరారు. బోలెడు పొద్దు పోయింది. సాయంత్రానికి ఐసు ఖాళీ చెయ్యాలి, అప్పట్నుంచి అది మళ్లీ మాల్ వాళ్లది, టిక్కెట్టు కొన్నవాళ్లది.

కమిటీ అక్కడే నిలబడి మీటింగ్ పెట్టింది. ఛైర్మన్‌ది తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ల కుటుంబం. నాకంటే రెండేళ్లు చిన్నవాడేమో, నన్ను ఆంటీ అంటాడు.

“చీఫ్ గెస్ట్ స్పీచ్ తీయలేం ఆంటీ. నాలుగు దిక్కుల వాళ్ల స్పీచ్‌లూ తీయలేం, అలుగుతారు. జూనియర్ రేస్ తీసేస్తాం. పిల్లలందరికీ సర్టిఫికెట్ ఇస్తాం, అడ్జస్ట్ చేసుకోండి.”

“పందెం లేకుండా సర్టిఫికెట్ దేనికయ్యా?”

“పార్టిసిపేషన్‌కి.”

“ఆటల పోటీల్లో తీసెయ్యదగ్గది ఆట ఒక్కటేనా?”

ఆయన గడియారం చూసుకున్నాడు.

మనవరాలు బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతోంది. ఏడవడం లేదు. ఏడిస్తే తిట్టి ఊరుకునేదాన్ని.

“ముడి విప్పకు” అన్నాను.

“బట్ నానమ్మా, దే సెడ్...”

“విప్పకు అన్నానా.”

స్పీచ్‌లు అయ్యాక పెట్టాలని మా తెలుగు ఆడవాళ్లం ఇళ్ల దగ్గర వండి తెచ్చిన పులిహోర, గారెలు గేటు బయట హాల్లో మూతలు పెట్టి ఉన్నాయి. బల్లల మీద అప్పుడే టిష్యూ పొట్లాలు పెట్టి జనం చోటు ఆపుకున్నారు. ఈ దేశంలో టిష్యూ పొట్లం పెట్టిన కుర్చీని రాజు కూడా లాక్కోలేడు. నేను వెళ్లి మూతలన్నీ తీయించాను. ఇంగువ వాసన హాలు దాటింది. వెనక్కొచ్చి, తిండిని ఇక్కడ మకాన్ అంటారు గనుక, నాకొచ్చిన నాలుగు ముక్కలతో గట్టిగా అరిచాను.

“మకాన్! మకాన్! లేటు వస్తే ఫినిష్! నో మోర్!”

నా మూడో తరగతి చదువుకి అంతమంది కదులుతారని నాకూ తెలీదు. ముందు డప్పులవాళ్లు లేచారు. తర్వాత సింహం, తల చంకన పెట్టుకుని. మైకు అబ్బాయి మైకు కుర్చీలో పెట్టేసి పోయాడు. చీఫ్ గెస్ట్ పొద్దుట నుంచీ ఏమీ తినలేదట, ఛైర్మన్ చెయ్యి పట్టుకుని ఆయనే లాక్కెళ్లాడు. ఛైర్మన్ అక్కడ గారె పట్టుకునే స్వాగతం చెప్పాడట. ఎవరికీ వినపడలేదు, ఎవరూ అలగలేదు.

ఐసు గట్టిపడేసరికి ఉపన్యాసమిచ్చేవాళ్లు లేరు, వినేవాళ్లూ లేరు. కోచ్‌లున్నారు, గింజలేరిన పిల్లలున్నారు, బండి ముసలాయన ఉన్నాడు, నేనున్నాను. మావాడు కూడా కాసేపటికి వచ్చి నా వెనక నిలబడ్డాడు. జూనియర్ పందెం జరిగింది.

మలుపు దగ్గర ఐసు కింద ఇంకా గులాబీరంగు ఉంది. మనవరాలు అక్కడికొచ్చినప్పుడల్లా నేను గేటు పట్టుకున్నాను. అది పడలేదు. మూడోది వచ్చింది. పరిగెత్తినవాళ్లు నలుగురు.

“మూడోదాన్ని నానమ్మా!” అని వచ్చి చల్లటి చేతులతో నా మెడ కౌగిలించుకుంది.

“చూశాలే. చలేస్తోంది, వదులు” అన్నాను. కాసేపు అదీ వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.

పోటీలు బ్రహ్మాండంగా జరిగాయని ఆ సాయంత్రం కమిటీ వాట్సాప్‌లో రాసుకుందట. అందరికంటే ఎక్కువ ఫొటోలు గుమ్మడికాయవే. ఇంటికొచ్చి చిన్నకాయ ముక్కలు కోసి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి రోకలి బరువు పెట్టాను.

మర్నాడు పొద్దున మినప్పప్పు రుబ్బి, ముక్కలు కలిపాను. కారిడార్‌లో గుడ్డ పరిచి, వడియాలు పెట్టమని మావాణ్ని కూర్చోబెట్టాను. పెద్దవి పెడుతున్నావని రెండుసార్లు తిట్టాను. మనవరాలు పాలు తాగి, స్కేట్ల సంచి భుజాన వేసుకుని ప్రాక్టీసుకి వెళ్లిపోయింది. పదింటికల్లా వాన పట్టుకుంది. గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని నేనూ మావాడూ వడియాలు లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టాం.