రెండుసార్లు నడిచిన టోకెను

తేంగాయితిట్టు హార్బరు దగ్గర ఒక ఐసు ప్లాంటులో కొంతకాలం లిస్ప్ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాము నడిచింది. ఆ కంప్యూటరును తుడిచేసి ఇప్పుడు వేరే పనికి పెట్టారు. ప్రోగ్రాము రాసిన మనిషి దాని మాట ఎత్తదు. ఆమెకు పని చేతకాక పోయిందని హార్బరులో చెప్పుకుంటారు. అసలు ఏం జరిగిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆమె చెప్పదు కనుక నేను రాసి పెడుతున్నాను. రాసినందువల్ల పోయింది తిరిగి వస్తుందన్న ఆశ నాకు లేదు.

మాది అదే ఊళ్లో, కోసపాళయంలో లైనింగు బట్టల అంగడి. తాతల నాటి నుంచీ ఈ తమిళ ఊళ్లోనే ఉన్నాం. ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేను లైబ్రరీలో నేర్చుకున్నాను, పిల్లల వాచకాలు ముందు వేసుకుని. కాలేజీ గడప తొక్కలేదు. తెలుగైనా, లెక్కలైనా, కంప్యూటరైనా నాకు వచ్చిందంతా ఆ బల్లల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. లిస్ప్ పుస్తకం కూడా అక్కడే దొరికింది. ఎవరో ఇచ్చి పోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. వెనక అతికించిన కాగితం మీద తేదీ ముద్ర ఒక్కటీ లేదు. నాకంటే ముందు దాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు.

ఆ భాష వాడేవాళ్లకు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు ఉంది. చిక్కు వచ్చినవాళ్లు అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. ఒక సాయంత్రం ఎవరికో జవాబు రాస్తున్న ఒకామె "కరెంటు పోయింది, తర్వాత రాస్తాను" అంది. మా అంగట్లోనూ అప్పుడే పోయింది. మీది ఏ ఊరని అడిగితే సారం అంది, మా ఊళ్లోనే ఇంకో పేట.

అలా అక్క పరిచయమైంది. ఆమెది యానాం. చెన్నైలో ఉద్యోగం మానేసి, సారంలో ఒక గది తీసుకుని, ఐసు ప్లాంటుకు టోకెన్ల ప్రోగ్రాము రాసి తనే చూసుకుంటూ ఉంది. బోటు మనిషి కౌంటరుకు వస్తే అతని చేతికి ఒక చీటీ, గోడ మీది బోర్డు మీద అదే నంబరు. బోర్డు మీద నంబరు పడగానే వెళ్లి ఐసు బార్లు ఎత్తించుకోవాలి. చూడటానికి చిన్న పనే. కాని తనదని చెప్పుకోవడానికి అక్కకు ఉన్నది అదొక్కటే. ఉద్యోగం ఎందుకు వదిలావని ఇంటివాళ్లు అడిగినప్పుడల్లా ఆ ప్లాంటునే చూపించేది.

మధ్యాహ్నం అంగట్లో బేరాలు లేని వేళ సారంలో ఒక టీ కొట్టు దగ్గర కలిసేవాళ్లం. ఆమె నా కోడులో బ్రాకెట్లు సరిచేసేది. నేను పుస్తకంలో చదివిన వింతలు చెప్పేవాణ్ణి.

"లైబ్రరీ పండితులవారు ఇవాళేం సెలవిస్తారో."

"పండితుడేంది అక్కా, అంగడోణ్ణి. గుడ్డ కొలిచేవాణ్ణి."

"అందుకేనా, మూర కోడు రాయమంటే బారెడు రాస్తావు."

లిస్ప్ తెలియనివారికి మాక్రో సంగతి ఒకటి చెప్పాలి. మామూలు ఫంక్షనుకు, అంటే ఒక పని చేసిపెట్టే కోడు ముక్కకు, ఒక లెక్క అప్పగిస్తే, ముందు లెక్క తేలి, వచ్చిన అంకె లోపలికి వెళుతుంది. మాక్రోకు అంకె అందదు. మనం రాసిన ఆ లెక్కే రాసినట్టుగా అందుతుంది. దాన్ని తనకు కావలసిన చోట్ల పెట్టి మాక్రో కొత్త కోడు అల్లి ఇస్తుంది. నడిచేది ఆ అల్లిన కోడు.

నంబరును చీటీ మీదా బోర్డు మీదా వేయడానికి అక్క ఒక మాక్రో రాసుకుంది. మొదట్లో దానికి సిద్ధంగా ఉన్న నంబరునే ఇచ్చేది. తర్వాత ఒకరోజు, కోడు పొందికగా ఉంటుందని, "తర్వాతి నంబరు తీసుకురా" అనే పనినే నేరుగా దానికి ఇచ్చింది. మాక్రో ఆ పనిని రెండు చోట్ల పెట్టింది, చీటీకి ఒకసారి, బోర్డుకు ఒకసారి. పని రెండుసార్లు నడిచింది. చీటీ మీద నలభై పడితే బోర్డు మీద నలభై ఒకటి పడింది.

తెల్లారకముందే నాకు ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి చీటీలు పట్టుకున్న బోటు మనుషులు కౌంటరును చుట్టుముట్టి ఉన్నారు. ఎవరి నంబరూ బోర్డు మీదికి రావడం లేదు. కౌంటరులో కూర్చునే పెద్దాయన మావాడే, పాత తెలుగు కుటుంబం. మామా అని పిలుస్తాను.

"ఏందిమ్మా ఇది, కాయితం ఒకటి సొల్తా ఉంది, బోర్డు ఇంకొకటి సొల్తా ఉంది. నడుమ నన్ను కొడతారు మాదిరి ఉండారు" అన్నాడు మామ అక్కతో.

"ఈ పూటకి నంబర్లు నోటితో పిలవండి మావయ్యా. సాయంత్రానికి సరిచేసేస్తాను."

"పిలస్తాను, నాకేమి. ముదలాళి మాత్రం సొల్లేసినాడు. రేపు పొద్దునా ఇట్టే ఉంటే చెన్నై వాళ్ల మిషను పెట్టేస్తాడంట. వాళ్లు ముందే వచ్చి చూసుకోని పోయినారు."

ముదలాళి అంటే ప్లాంటు యజమాని. అక్క చున్నీ కొసను వేలికి చుడుతూ బోర్డు వైపే చూసింది.

మధ్యాహ్నం ప్లాంటు వెనక గదిలో కూర్చున్నాం. తప్పు కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ చిక్కు నేను పుస్తకంలో చదివిందే.

"ఈ పనిని రెండు తావుల పెట్టినావక్కా. పెట్టిన తావల్లా అది నడస్తాది."

"నేను రాసిందే. నాకే కనపళ్లేదు చూడు."

"ఫస్టు ఆ నంబరు ఒక పేరులో దాచిపెట్టు. మళ్లీ ఆ పేరు యాడ గావాలంటే ఆడ వాడుకో."

మాక్రో మార్చాం. పక్కన అక్క లాప్‌టాప్ మీద కొత్తగా రెండు వరుసలు రాసి ప్రయత్నిస్తే చీటీ, బోర్డు ఒకే నంబరు చూపించాయి. ప్లాంటులో నడుస్తున్న ప్రోగ్రామును ఆపుదామా అని అడిగాను.

"ఎందుకు? పొద్దుటి బుకింగులన్నీ దాని బుర్రలో ఉన్నాయి. ఆపితే మళ్లీ అన్నీ ఎక్కించాలి. నడుస్తుండగానే మార్చుకోవచ్చనే కదా మనం ఈ భాషని పట్టుకుని వేలాడుతున్నది."

అది నిజం. ఈ భాష వాడేవాళ్లు అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది అదే. నేనూ చాలామందికి చెప్పాను. ప్రోగ్రాము నడుస్తుండగానే అక్క కొత్త మాక్రోను అందులోకి ఎక్కించింది. బోట్లు లేని వేళ టోకెను నొక్కితే ఒక నంబరు వృథా అవుతుందని కౌంటరులో నొక్కి చూడలేదు. ఇంటికి వచ్చాక, ఎందుకైనా మంచిదని, చేసిందంతా గ్రూపులో రాసి ఇంకేమైనా చూడాలా అని అడిగాను.

మర్నాడు ఇద్దరం కౌంటరు పక్కన నిలబడ్డాం. మొదటి బోటు మనిషి వచ్చాడు. మామ మీట నొక్కాడు. చీటీ మీద ఒక నంబరు, బోర్డు మీద దాని తర్వాతి నంబరు.

మామ మా వైపు తిరిగి చూసి మళ్లీ తల దించుకున్నాడు. అక్క లాప్‌టాప్ తెరిచి అక్కడి మాక్రో చూసింది. సరిగ్గా ఉంది. కొత్త వరుస రాసి నడిపింది. సరిగ్గా నడిచింది.

"ఇక్కడ బాగానే ఉంది తమ్ముడూ. ఇక్కడ బాగానే ఉంది" అని మళ్లీ మళ్లీ అంది. ఇక ఏం చూడాలో నాకు తోచలేదు. చదివిన పుస్తకంలో ఆ పేజీ ఉండే ఉంటుంది. నేను దాటేసి ఉంటాను.

ముదలాళి వచ్చి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "పరవాలేదమ్మా, ఇంటికి పో" అని తమిళంలో మెల్లగా అన్నాడు. ఆ మధ్యాహ్నమే చెన్నై మనుషులు వచ్చి బోర్డు వైరు పీకి తమ మిషనుకు కలుపుకున్నారు.

గ్రూపులో జవాబు ఆ తర్వాత వచ్చింది. అంగట్లో ఒకామెకు గుడ్డ చించుతూ ఫోనులో చదివాను. మాక్రోను మారిస్తే చాలదు, దాన్ని వాడిన ఫంక్షన్లన్నీ మళ్లీ కంపైలు చేయాలి, అంటే కొత్త మాక్రోతో మళ్లీ అల్లించాలి, అవి పాత మాక్రో అల్లిన కోడునే లోపల పెట్టుకుని ఉంటాయి, అని ఉంది. కౌంటరులో టోకెను వేసే ఫంక్షను అలాగే ఉండిపోయింది. మేము రాసి చూసినవన్నీ కొత్తవి, అందుకే సరిగ్గా నడిచాయి. ప్లాంటు ప్రోగ్రామును ఒక్కసారి ఆపి మళ్లీ మొదలుపెట్టినా సరిపోయేది.

అక్కకు ఫోను చేసి చెప్పాను.

"ముదలాళిని మళ్లీ అడగదామా అక్కా."

"ఏమని? రోగం తెలిసిందండీ, పోయిన మనిషిని మళ్లీ పిలవండి అనా. వద్దులే."

తర్వాత ఆమె గ్రూపు నుంచి తప్పుకుంది. ఊళ్లోనే ఒక ఆఫీసులో రోజంతా ఎవరెవరివో వివరాలు టైపు చేసే పనిలో చేరింది. కూరగాయల మార్కెట్టులో కనిపిస్తే అమ్మ ఆరోగ్యం అడుగుతుంది, కొట్లో బేరాలు అడుగుతుంది. కంప్యూటరు మాట రానివ్వదు. నేనూ తేను.

సాయం చేసిన ప్రతివారినీ పేరుతో తలుచుకుని ముగించాలని ఉంది. అక్క పేరు రాస్తే ఆమెకు నచ్చదు. ఆమె పేరు లేనిచోట మిగతావాళ్ల పేర్లు రాయబుద్ధి కావడం లేదు. గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన లైబ్రరీ అమ్మకు నమస్కారం. రెండు పొద్దులూ తిట్లు తింటూ నంబర్లు నోటితో పిలిచిన మామకు నమస్కారం. బ్రాకెట్లు దిద్దిన అక్కకు, ఆమె చదవదని తెలిసినా, నమస్కారం. గ్రూపులో జవాబు రాసిన ఆ ముఖం తెలియని మనిషికి కూడా. ఆయన మర్నాడు పనిచేసిందా అని అడిగాడు. నా దగ్గరున్న ఆ ప్రోగ్రాము ప్రతిలో ఫంక్షన్లన్నీ మళ్లీ కంపైలు చేసి చూశాను. చీటీ, బోర్డు ఒకే నంబరు చూపించాయి. పనిచేసిందండీ, చాలా థ్యాంక్స్ అని రాశాను. సంతోషం అన్నాడు.