ఎరుక లేదన్న పిల్ల

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో, మా తెలుగు సారు నన్ను చూసి నవ్విన నవ్వు తలచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్లు మండుతుంది. మనవలు పుట్టాక పాత కోపాలు చల్లారతాయంటారు. నాకైతే చల్లారలేదు.

మా నాయన ఊళ్లో పొలం గట్టు తగాదాలో ఒక మనిషిని కొట్టి జైలుకు పోయాడు. ఊరి మాటలు పడలేక మా అమ్మ నన్ను తీసుకుని, ఇబ్రహీంపట్నం అవతల ఉన్న మా పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఒక గది కిరాయికి తీసుకుంది. ఇక్కడ మా సంగతి ఎవరికీ తెలియదు. తెలియకూడదని అమ్మ పట్టుదల. "ఎవలన్న మీ నాయిన ఏడున్నడని అడిగితె, నాకెరుక లేదను. అంతకన్న ఒక్క మాట మాట్లాడకు" అని నాకు గట్టిగా చెప్పింది.

కొత్త బళ్లో చేరిన మొదటి వారమే సారు నన్ను అందరి ముందు లేపి, మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు. అమ్మ చెప్పినట్టే "నాకెరుక లేదు సార్" అన్నాను.

"ఎరుకేంటే? సోది చెప్పడానికొచ్చావా?" అని ఆయన నవ్వాడు. క్లాసు క్లాసంతా నవ్వింది. వాళ్ల వైపు ఎరుకంటే జోస్యమట; ఆ రోజు నుంచి నా పేరు సోదమ్మ. తండ్రి సంగతి తెలియదని చెప్పిన పిల్లను పట్టుకుని, ఆ ముక్క ఏ యాసలో చెప్పిందా అని నవ్వడం ఏం పెద్దరికం? ఆయన కోస్తా వైపు మనిషి. హెడ్మాస్టరు ఏదైనా అడిగితే "ఆ సంగతి నేనెరగనండీ" అని ఆయనే అనేవాడు. ఆయన అంటే భాష, నేనంటే సోది!

నేను నోరు మూసేశాను. హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. రెండు నెలలు అలా గడిచాక ఇక బడికి పోనని అమ్మతో తెగేసి చెప్పాను. అమ్మ కూడా విసిగిపోయి ఉంది. నెల తిరగగానే ఎల్‌బీ నగర్‌లో ఒక కుట్టు దుకాణంలో పెడతానని, అందాకా బడికి పొమ్మని అంది.

మా పక్కింటి అక్కది విజయవాడ దగ్గర ఊరు. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం వచ్చి మా పక్క గదిలో ఉండేది. నేను సాయంత్రాలు గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే చూసేది. మీ నాన్న ఏడీ అని ఒక్కసారి కూడా అడగలేదు. ఒకరోజు కిరాయి పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవల పట్టుకుని వచ్చి, "చదువుతాను, వింటావా?" అని పక్కన కూర్చుంది.

ఆ నవలలో ఒక పద్నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో ఏదో ఘోరం జరిగాక కొత్త ఊరికి వస్తుంది. డబ్బా మూత పూర్తిగా తీయకుండా అన్నం తింటుంది, ఇంట్లో ఏం వండారో కూడా ఎవరూ చూడకూడదని. ఎవరేం అడిగినా ఆ పిల్లది ఒకటే జవాబు. అక్క చదివింది: "నాకెరుక లేదు."

చేటలో నా చెయ్యి ఆగిపోయింది. అచ్చులో మా మాట! రోజూ ఆ పిల్ల నోట ఆ మాట ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి వినేదాన్ని.

ఆ ధైర్యంతోనే, క్లాసులో మళ్లీ ఎవరో సోదమ్మా అనగానే లేచి నిలబడి, "ఎరుక అన్న మాట పుస్తకంలున్నది సార్" అన్నాను. సారు తెచ్చి చదవమన్నాడు. మర్నాడు పొద్దున అక్క కోచింగ్‌కు పోయాక, కిటికీలో ఉన్న నవలను అడక్కుండానే తీసుకుపోయాను.

అందరి ముందు నిలబడి ఆ పేజీ తెరిచాను. "నాకు తెలియదు" అని ఉంది. గబగబా ఇంకో పేజీ తిప్పాను. అక్కడా "తెలియదు". ఎన్ని పేజీలు తిప్పినా ఎక్కడా ఎరుక లేదు. అక్క నన్ను మోసం చేసింది. నలభై మంది నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపంలోనే గట్టిగా "నాకెరుక లేదు" అని చదివేశాను.

సారు వచ్చి పేజీ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ తెలియదు అని ఉంది కదే?"

"మా అక్క గిట్లనే చదివింది సార్. గామెది మీ దిక్కే."

ఆయన నవ్వలేదు. ఆయన నవ్వలేదు కాబట్టి వాళ్లూ నవ్వలేదు. వెళ్లి కూర్చోమన్నాడు. పొరపాటైందని మాత్రం ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

సాయంత్రం పుస్తకం అక్క ముందు పడేసి, "అబద్ధం చదివినవ్. నన్ను పిచ్చిదాన్ని చేసినవ్" అని అరిచాను. అక్క పుస్తకం తీసి దుమ్ము దులిపింది. "ఎవరితోనూ చెప్పుకోని పిల్లమ్మా అది. నీతో చెప్పుకోవాలంటే నీ మాటలోనే చెప్పాలిగా. రాసినావిడకి మీ మాట రాకపోతే నేనేం చెయ్యను?" అంది. అప్పుడు కూడా ఏమీ అడగలేదు.

అడగలేదు కాబట్టే చెప్పాను. "మా నాయిన జైల్ల ఉన్నడక్కా." ఈ పట్నంలో ఆ సంగతి పైకి అనడం అదే మొదలు. అక్క చేట పక్కకు జరిపి నన్ను దగ్గరకు తీసుకుంది. దీపాలు పెట్టేదాకా చెబుతూనే ఉన్నాను. బడి మాననని అమ్మతో చెప్పి మర్నాడు బడికి పోయాను. కుట్టు దుకాణం మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మీర్‌పేట్‌లో మా మనవరాలు ఫోన్లో అలాంటి కథలే చదువుతుంది. కొత్త బడి, నోరు విప్పని పిల్ల. అప్పుడప్పుడు నాకూ చదివి వినిపిస్తుంది. ఆ కథల్లో పిల్ల మాత్రం ఇప్పటికీ పుస్తకం తెలుగే మాట్లాడుతుంది. మా మాటను వాచ్‌మన్‌కో తాగుబోతుకో ఇచ్చి నవ్విస్తారు. నేను మండిపడితే, "కథే కదా అమ్మమ్మా" అంటుంది. కథే. అలాంటి కథనే ఒక మనిషి నాకోసం ఒక్క మాట మార్చి చదవబట్టే నా చదువు నిలిచింది, నా నోరు తెరుచుకుంది. ఆ మాట రాయడానికి చెయ్యి రానివాళ్ల మీద, విని నవ్విన ఆ సారు మీద నా కోపం ఇంకా అలాగే ఉంది. దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు.